హరీషన్నను అడిగిన మాటలు

మురుకులు విరగకుండా డబ్బాలో సర్దడం ఇంత కష్టమని అనిలకు ఆ శుక్రవారం దాకా తెలియదు. నిలబెడితే ఊగుతున్నాయి, పడుకోబెడితే కిందివి నలుగుతున్నాయి. తునికాకు చిరగకుండా, తంబాకు రాలకుండా బీడీ చుట్టే చేతులు అవి. మురుకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్త కోడలి చేతుల్లా తడబడుతున్నాయి.

“సందులల్ల కాగితాలు కుక్కమ్మా,” అంది తార. “బాపు మూత తీసేసరికి పొడి అయితే, మురుకుల పిండి పంపినవా అని నవ్వుతడు.”

“నవ్వనియ్యి. నవ్వంగ చూసి ఎన్ని దినాలైందో.”

తార తండ్రి మహిపాల్ సౌదీకి పోయి దమ్మాంలో సెంట్రింగు పనిలో చేరినప్పుడు తార ఆరో తరగతి. ఇప్పుడు తొమ్మిది. లీవు వచ్చినట్టే వచ్చి రెండుసార్లు జారిపోయింది. ప్రతి శుక్రవారం ఫోను చేస్తాడు. “తిన్నరా? మంచిగున్నరా?” అంటాడు. “తిన్నం, మంచిగున్నం,” అంటారు వీళ్లు. ఆయన బాగున్నానంటాడు, వీళ్లు బాగున్నామంటారు. అంత బాగున్నవాళ్లకు మాట్లాడుకోవడానికి ఇంకేముంటుంది? ఫోను పెట్టేస్తారు.

ఆ ఇంట్లో ఫోను పట్టుకునేది తారే. ఎల్లారెడ్డిలో అనిలవాళ్ల గల్లీ మొత్తం అంతే. బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తంబాకు అంటుకుని ఉంటుంది. చాట ఒళ్లోంచి దిగదు. అందుకని బిడ్డ ఫోను తెచ్చి తల్లి చెవి దగ్గర పెడుతుంది, తల్లి మాట్లాడుతుంది, బిడ్డే మళ్లీ తీసేస్తుంది. ఫోనులో ఇంకేమున్నదో తల్లికి ఎందుకు తెలుస్తుంది?

అయితే హరీషన్న సంగతి మాత్రం అనిలకు మొదటి రోజునుంచీ తెలుసు. బోనాలప్పుడు తార ఇన్‌స్టాలో తండ్రి ఫోటో పెట్టింది. కంపెనీ చొక్కా వేసుకుని కంపెనీ బస్సు ముందు నిలబడ్డ ఫోటో. దాని కింద ఎవరో రాశాడు. “మీ బాపు, నేను ఒక్క రూములనే ఉంటం చెల్లె. మాది నాగిరెడ్డిపేట.” తర్వాత నంబరు అడిగాడు, వాట్సాప్‌లోకి వచ్చాడు. లీవు మీద ఊరికి వచ్చాడట. మళ్లీ పోతున్నాడట. మహిపాలన్నకు ఏమైనా ఇస్తే తీసుకుపోతాడట. అన్నకు మాత్రం ముందే చెప్పొద్దట, మూట విప్పి ఒక్కసారే ఆశ్చర్యపోవాలట.

సౌదీ, దుబాయి పోయేవాళ్లున్న ఊర్లలో ఇది కొత్త సంగతేం కాదు. ఒకడు లీవు మీద వచ్చి మళ్లీ పోతున్నాడంటే నాలుగు ఊర్ల తొక్కులు, పొడులు, మందుగోలీలు వాడి పెట్టెలోనే పోతాయి. ఇచ్చేవాళ్లు వాడి ఆధార్ కార్డు చూసి ఇస్తారా? ఫలానావాళ్ల రూములో ఉంటాడంటే చాలు, వాడు ఇంటివాడే. అనిల కూడా అట్లాగే అనుకుంది. అనుకోవడమే కాదు, ఆ రాత్రి సంతోషంతో ఒక ముద్ద ఎక్కువ తిన్నది.

డబ్బాను తెల్లగుడ్డలో పెట్టి బీడీల దారంతోనే చుట్టూ కుట్టింది. అంచు ఎక్కడా లేవకుండా సన్నటి కుట్టు. తార మార్కరుతో పైన బాపు పేరు రాసింది.

“ఎంత మంచిగ రాసినవే,” అంది అనిల. ఆ మూటను ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లను నిమిరినట్టు ఒకసారి నిమిరింది.

తెల్లారితే రెండో శనివారం, బడి లేదు. బీడీల కార్ఖానాలో మాత్రం శనివారమే బీడీలు అప్పజెప్పి ఆకు తెచ్చుకోవాలి. ఆ రోజు పోకపోతే వారమంతా చేతులు కట్టుకుని కూర్చోవడమే. హరీష్ కామారెడ్డి బస్టాండుకు రమ్మన్నాడు. అత్త రామవ్వ తన బిడ్డ ఇంటికి పోయింది. పోయేవాళ్లు ఇంకెవరూ లేరు.

“నేను పోయిస్త అమ్మా. నాకు కామారెడ్డి తెల్వదా?”

మహిపాల్ ఎన్నోసార్లు చెప్పాడు, పిల్లను ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దని. అది గుర్తుకు వచ్చింది. అయినా మూట చూసింది, బిడ్డ ముఖం చూసింది. “మూట ఇచ్చి ఎనకకు తిరుగు. ఆడీడ తిరగకు,” అని బస్సెక్కించింది. ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్టు కొట్టే కండక్టరమ్మకు, కామారెడ్డి బస్టాండులో దించమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. కిటికీలోంచి తార చెయ్యి ఊపింది. ఇంకో చెయ్యి మూట మీదనే ఉంది.

*

కార్ఖానాలో టేకేదారు బీడీలు వేలితో నొక్కి చూసి ఒక కట్ట పక్కకు పడేశాడు. “ఏందమ్మా, ఇయ్యాల మూతులు సరిగ మలుస్తలేవు?” అన్నాడు. అనిల నవ్వి ఊరుకుంది. ఈపాటికి మూట చేతులు మారి ఉంటుందని ఆమె ధ్యాస. రేపో ఎల్లుండో విమానం ఎక్కుతుంది. మూట పోయినంత సులువుగా మనిషి పోయి రాగలిగితే ఎంత బాగుండును!

ఆకు మోసుకుని ఇంటికి వచ్చేసరికి రామవ్వ గడపలో కూర్చుని ఉంది. “పొల్లేది?” అని అడిగింది.

“దోస్తు ఇంటికి పోయింది అత్తమ్మా.” అబద్ధం ఎంత తొందరగా నోట్లోంచి వచ్చిందో అనిలకే వింతనిపించింది.

మధ్యాహ్నం దాటింది. ఆకు తడిపి గోనెలో చుట్టింది. బస్సు వచ్చిన చప్పుడైనప్పుడల్లా వీధి చివరిదాకా పోయి వచ్చింది. ఫోను తార దగ్గరుంది. ఎవరి ఫోనునుంచైనా చేద్దామంటే తన నంబరు తనకే నోటికి రాదు. చీకటి పడుతుందనగా గల్లీ మలుపులో ఇద్దరు కనిపించారు. ఒకరు తార. పక్కన ఆమె లెక్కల టీచరు అరుణజ్యోతి. రోజూ కామారెడ్డినుంచి ఎల్లారెడ్డి బడికి వచ్చిపోయే మనిషి, బడి లేని రోజు ఎందుకు వస్తున్నది?

తార చేతుల్లో మూట అట్లాగే ఉంది. 

అరుణజ్యోతి గడపలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. బస్టాండుకు వస్తానన్నవాడు రాలేదు. ఫోనులోనే జాగ మార్చాడు. సామాను ఒక లాడ్జిలో కడుతున్నానని, రైల్వే స్టేషను ఎనక గల్లీలోకి రమ్మని మెసేజీ పెట్టాడు. తార సగం దూరం పోయి ఆగింది. బాపుకు ఫోను చేసి అడుగుతానంది. వాడు గద్దించాడు. అప్పుడు బస్టాండుకు తిరిగివచ్చి, పూలమ్మే ఆమె పక్కన కూర్చుని, టీచరుకు ఫోను చేసింది.

“కలిసే జాగ మార్చినా, ఇంట్ల చెప్పొద్దన్నా, వెంటనే ఆగండి, నాకు ఫోన్ చెయ్యండి అని క్లాసుల చెప్పిన. అది యాది పెట్టుకున్నది. నేను పోయి మహిపాల్‌గారికి ఫోన్ కలిపిన. వాళ్ల రూములనే కాదు, వాళ్ల క్యాంపులనే హరీష్ అనేటోడు ఎవ్వడూ లేడట.”

రామవ్వ నెత్తిన చేతులు పెట్టుకుంది. “మరి దోస్తింటికి పోయిందంటివి గదనే?” అని కోడలి వైపు తిరిగింది.

అనిల నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే తార అందుకుంది.

“నేనే గట్ల చెప్పిన నాయినమ్మా. అమ్మకేం తెల్వదు. ఇంట్ల చేసిన మురుకులు నేనే కట్టుకొని పోయిన.”

అరుణజ్యోతి చూపు ఒక్క క్షణం మూట అంచు మీద ఆగింది. ఆ సన్నటి కుట్టు తొమ్మిదో తరగతి పిల్ల వేసేది కాదని ఎవరికైనా తెలుస్తుంది. అనిల ఇప్పుడు చెబుదాం, ఈ మాట అయ్యాక చెబుదాం అనుకుంటూనే ఉంది. టీచరు లేచిపోయింది. చెప్పవలసిన సమయం కూడా ఆమె వెంటనే గల్లీ దాటి పోయింది.

*

ఆదివారం మహిపాల్ ఫోను చేశాడు. ఆడవాళ్లు ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. అంత కోపం ఆయన గొంతులో అనిల ఎప్పుడూ వినలేదు. ఆ కోపం అడుగున భయముందని కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది. వేల మైళ్ల దూరంలో పనిమీద ఉండగా, నీ బిడ్డ బస్టాండులో ఏడుస్తున్నదని ఎవరో చెబితే ఏ తండ్రి మాత్రం నిమ్మళంగా ఉంటాడు?

“బడి బంద్. ఫోను పెట్టెల పెట్టి తాళమెయ్యి అవ్వా. దాన్ని తీయొద్దు, దీన్ని గడప దాటనియ్యొద్దు. అమ్మ పక్కకు కూసొని బీడీలు చేసుకోమను. గింత ధైర్యమా? అమ్మకు చెప్పకుండ ఎవనికో మురుకులు తీస్కపోతదా?” కొంచెం ఆగి అన్నాడు. “అనిలా, నువ్వు ఇంట్ల ఉండి ఏం చూస్తున్నవు?”

తార తల ఎత్తలేదు. అనిల వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే తల్లి ఏమైనా చెప్పేస్తుందేమో అన్నట్టు నాయినమ్మ చీర కుచ్చిళ్ల మీదనే చూపు నిలిపింది. అనిలకు మొగుడు తిడతాడని భయం. అత్త ముందు పలుచనవుతానని భయం. అన్నిటికంటే, ఇంత తెలివిలేనిదాని చేతిలో పిల్లను పెట్టిపోయానా అని ఆయన అనుకుంటాడేమోనని భయం. అక్కడ ఆయన ఏ నమ్మకంతో పనిచేస్తున్నాడో ఆ నమ్మకమే తను.

రామవ్వ ఫోనును గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టింది. తాళంచెవి మాత్రం ఎప్పటిలాగే గూట్లోనే పడేసింది. ముసలామె కోపానికి అంతకంటే బందోబస్తు తెలియదు.

సోమవారం బడి గంటకు తార చాట ముందు కూర్చుంది. కొలతకు రేకుముక్క ఆకు మీద పెట్టి, చుట్టూ కత్తెరతో కత్తిరించి, తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టింది. తల్లి పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పని. ఇన్నాళ్లూ ఆటకు చేసేది. ఆ వేళ్లు ఎంత చురుకుగా తిరుగుతున్నాయో అనిల చూస్తూనే ఉంది.

పక్కింటి సాలవ్వ వచ్చి అరుగు మీద తన చాట పెట్టుకుంది. కాసేపు చూసి, “నీ బిడ్డ చెయ్యి మంచిగ తిరుగుతున్నదే అనిలా. నెల తిరిగేసరికి నిన్ను దాటుతది,” అని మెచ్చుకుంది.

ఆ మెప్పు అనిలకు చెంపదెబ్బలా తగిలింది. ఈ వేళ్లకు ఈ వాసన అంటకూడదనే తను నడుము విరుచుకున్నది. అక్కడ ఆయన ఎండలో మాడుతున్నదీ అందుకే. తను నోరు మూసుకున్నందుకు బిడ్డ నోరు కట్టుకుని బీడీలు చుడుతున్నది. ఒక్క మాట దెప్పలేదు. తిట్టినా బాగుండును. సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి తార వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. అనిల చూడనట్టు అటు తిరిగింది.

*

మంగళవారం బడి విడిచాక అరుణజ్యోతి వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని, చాటల మధ్య చాప మీదనే కూర్చుంది.

“తార రెండు రోజులాయె బడికి వస్తలేదు.”

“ఇగ రాదు,” అంది రామవ్వ. “ఇజ్జత్ పోయినంక బడి ఎందుకమ్మా?”

“తప్పు జేసినోడు వాడు పెద్దవ్వా. బడి మానాల్సింది ఈ పిల్లనా?” టీచరు గొంతు పెంచలేదు. “ఫోన్ గుంజుకున్నరట. సరే. రేపు ఇంకోసారి ఎక్కడన్న భయమైతే ఎవరికి చెప్తది? మొన్న చేతిల ఫోన్ ఉన్నందుకే గదా నాకు చేసింది. పోయింది ఫోన్‌తోనే, తిరిగొచ్చింది ఫోన్‌తోనే. దాన్ని ఎట్ల వాడాల్నో నేర్పుడు మన పని.”

తారను పక్కన కూర్చోబెట్టుకుని తన ఫోనులో చూపించింది. తార పెట్టిన ఫోటోలు ఎవరైనా చూడగలరు. చొక్కా మీద కంపెనీ పేరుంది. బస్సు మీద ఊరి పేరుంది. ఒకచోట ‘బాపుకు మురుకులంటే ప్రాణం’ అని రాసి ఉంది. తార వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది.

“నేను చెప్పిందే నాకు మళ్ల చెప్పిండు మేడం,” అంది చివరికి. “నేనేమో, బాపు చెప్పిండనుకున్న.”

“అంతే. తెలిసినోళ్లకు తప్ప కనబడకుండ పెట్టుకుందాం. ఎవరన్న మనోళ్లమంటే, ముందు మనోళ్లనే అడుగుదాం. ఇంట్ల వాళ్లకు చెప్పొద్దన్నరంటే అక్కడనే ఆగుదాం.” ఆమె అనిల వైపు తిరిగింది. “నువ్వు గూడ చూడాలె అనిలా. కాపలా కాసినట్టు కాదు, పక్కకు కూసొని. ఎల్లుండి బడి విడిచినంక కామారెడ్డికి పోయి పోలీసోళ్లకు ఫోన్ చూపిద్దాం. వాడు ఇంకో ఊరి పిల్లను కూడ గిట్లనే పిలుస్తుండొచ్చు. మెసేజీలు, వాయిస్‌లు ఒక్కటి కూడ తీసెయ్యొద్దు.”

వాయిస్‌లు అనేసరికి అనిల చేతిలో బీడీ విచ్చుకుపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం రామవ్వ పింఛను కోసం పోస్టాఫీసుకు పోయింది. అనిల సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, గూట్లోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. ఫోను తెచ్చి తార ముందు పెట్టింది.

“వాయిస్‌లు పెట్టవే. అన్నీ నేను గూడ ఇంట.”

తార టైపు కొట్టడం కంటే మాట్లాడడమే తేలికని హరీష్‌కు అన్నీ నోటితోనే పంపేది. ఒక్కొక్కటి నొక్కుతూ పోయింది. తన బిడ్డ, ముక్కు మొఖం తెలియనివాడిని ఏమడిగిందో అనిల అప్పుడే మొదటిసారి వరుసగా వింటున్నది.

“అన్నా, మా బాపు పైమంచం మీద పంటడా, కింద పంటడా?”

“శుక్రారం ఏం వండుకుంటరన్నా? బాపు గూడ వండుతడా?”

“బాపుకు దగ్గు తక్కువైందా? మమ్మల్ని అడిగితే లేదంటడు. ఫోన్ పెట్టంగనే దగ్గుతడు, నాకు ఇనబడ్డది ఒకసారి.”

“మా ముచ్చట చెప్తడా మీకు?”

వాడి జవాబులు కూడా ఉన్నాయి. బాపుకు కిటికీ పక్కన కింద మంచమట. శుక్రవారం శుక్రవారం కోడికూరట. దగ్గు లేదట, నవ్వుతూ ఉంటాడట. రోజూ నీ ముచ్చటే చెల్లె, నా బిడ్డ, నా బిడ్డ అంటనే ఉంటడు. తేనె పూసిన అబద్ధాలు. వాటిని బిడ్డ ఎన్నిసార్లు వేసుకుని విన్నదో! అనిల మాత్రం వినలేదా? అప్పుడు ఆమె కూడా చాట పక్కన పెట్టి విన్నది.

ఆ తర్వాత అనిల గొంతే వచ్చింది. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది.

“తమ్మీ, మా ఇంటాయనకు నడుము నొప్పి ఎట్లున్నది? అడిగితే మాకు చెప్పడు. నువ్వన్న నిజం చెప్పు... రేపు పొల్లను బస్సెక్కిస్త. జర నీ చెల్లె అనుకొని చూసుకో తమ్మీ.”

ఫోను ఆగింది. తార చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది. “అమ్మా, గిదొక్కటే తీసేస్త. గట్టిగ ఒత్తిపట్టుకుంటే పోతది. పోలీసోళ్లకు తెల్వదు, బాపుకు తెల్వదు. నేనే పోయిన అని చెప్పిన గదా, గట్లనే ఉంటది.”

బిడ్డ వేలు అప్పటికే ఆ మాట మీద ఉంది. నిజం చెప్పాలంటే అనిలకు ఆ వేలిని ఆపబుద్ధి కాలేదు. ఒక్క ఒత్తు ఒత్తితే ఇంట్లో తన మర్యాద నిలుస్తుంది. బిడ్డ మానేసిన బడి గురించి తర్వాత ఎప్పుడో మహిపాల్‌ను బతిమాలుకోవచ్చు. కానీ తార ముఖంలో ఆ ఓర్పు చూసింది. పద్నాలుగేళ్ల పిల్ల, పెద్దవాళ్ల అబద్ధాన్ని మోయడం ఎంత తొందరగా నేర్చింది! హరీష్ నేర్పింది కొంతైతే, తను నేర్పింది అంతకంటే ఎక్కువ. ఆమెకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది.

“తియ్యకు,” అంది. “గిదీ, నువ్వు అడిగినయీ, అన్నీ మీ బాపుకు పంపు.”

“అమ్మా! తిడతడు.”

“తిట్టనియ్యి. తిట్టాల్సింది నన్నే గదా. ఎట్ల పంపాల్నో నాకు జూపియ్యి. నేనే ఒత్తుత.”

తార చూపించింది. అనిల ఒక్కొక్క వాయిస్ మీద వేలు పెట్టి, బాణం గుర్తు నొక్కి, మహిపాల్ పేరు వెతికి పంపింది. చివర మైకు గుర్తు ఒత్తిపట్టుకుని తన మాట చేర్చింది. “పిల్లను నేనే పంపిన. మూట నేనే కుట్టిన. పిల్ల నా కోసం అబద్ధం చెప్పింది. నీ సంగతి నువ్వు చెప్పవు, మా సంగతి మేము చెప్పం. ఎవడో వచ్చి చెప్తనంటే నమ్మినం.”

అక్కడ మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళ. ఫోను చాట అంచుకు ఆనించి ఇద్దరూ కూర్చున్నారు. చేతులు ఊరుకోలేక అనిల ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. మాటల పక్కన టిక్కు గీతలు బూడిద రంగులోనే ఉన్నాయి. తర్వాత నీలంగా మారాయి. విన్నాడు. ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. ఫోను మోగలేదు. మోగితే తిట్లు తినవచ్చును. 

రామవ్వ తిరిగివచ్చి తెరిచిన పెట్టెను, ఫోనును, ఇద్దరి ముఖాలను చూసింది. “ఏందే గిది?” అనేలోపల ఫోను టింగుమన్నది. వాయిస్. అనిలే నొక్కింది.

“అనిలా.” దుమ్ము పట్టిన గొంతు. “నువ్వు ఆదివారమే చెప్తే ఆ పిల్లను గన్ని మాటలు అనకపోతుంటి. నీతోని తర్వాత మాట్లాడుత.”

రామవ్వ కోడలి వైపు చూసింది. అనిల తల దించుకోలేదు. “నేనే పంపిన అత్తమ్మా,” అంది. రామవ్వ ఏదో అనబోయింది. ఇంకో వాయిస్ వచ్చింది. ముసలామె చాప అంచు మీద కూలబడింది.

“తారా, బిడ్డా. పైమంచం. కింద మంచం ఒక పెద్దాయనకు ఇచ్చిన, మోకాళ్ల నొప్పులు ఆయనకు. పైన ఉక్కపోస్తది గని అలవాటైంది. కిటికీ లేదు.”

“ఆ హరీష్‌ను అడిగినయన్నీ బాపుకు పంపినం నాయినమ్మా,” అని తార ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

“శుక్రారం బట్టలుతుక్కుంట. ఒకలు వండితే అందరం తింటం. నా వంతు వస్తే పప్పే. నాకు గదొక్కటే వస్తది.”

“నా కొడుకుకు పప్పు వండుడు గూడ వచ్చింది,” అంది రామవ్వ. కళ్లు తుడుచుకుని, “నా కొడుకు నన్ను యాది చేస్తడా అని అడిగినవానే ఆ దొంగోన్ని?” అంది మనవరాలిని.

“లేదు నాయినమ్మా.”

“ఎందుకడుగుతవు,” అని మూతి ముడుచుకుంది, చెవి మాత్రం ఫోను దగ్గరికే జరిపింది.

“దగ్గు ఉన్నది. సిమెంటు దుమ్ముకు అందరికీ ఉన్నది. గోలీలు వాడుతున్న. నడుము పట్టీ కట్టుకుంటున్న, అనిలకు చెప్పు... రేపు బడికి పో బిడ్డా. వద్దన్నదీ నేనే, పొమ్మంటున్నదీ నేనే. అవ్వకు చెప్పు.”

“ఇన్నం తియ్యిరా,” అంది రామవ్వ ఫోనుతో.

తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. తార అడిగినవాటిలో ఒకటే మిగిలింది. అది తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు. పైన ‘రికార్డింగ్’ అని కనిపించి పోయింది. మళ్లీ కనిపించి పోయింది. చివరికి వచ్చింది.

“మీ ముచ్చట చెప్తనా అని అడిగినవు. చెప్పను బిడ్డా. ఈడ ఎవ్వరం ఇంటి ముచ్చట తియ్యం. ఒకలు తీస్తే ఆ రాత్రి రూముల ఎవ్వరికీ నిద్ర రాదు.”

తార మైకు గుర్తు ఒత్తిపట్టుకుంది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది, మాట రాలేదు. అనిల కత్తెర ఆకు మీద కరకరమని తిరుగుతున్నది. బయట సాలవ్వ మేకను అదిలిస్తున్నది. రామవ్వ ముక్కు చీదింది. వేలు జారి ఆ వాయిస్ అట్లాగే పోయింది, మాట లేకుండా.

“అయ్యో, ఖాళీది పోయిందమ్మా,” అంది తార.

గీతలు అప్పటికే నీలమయ్యాయి. కాసేపటికి మహిపాల్ గొంతు వచ్చింది, ఈసారి చాలా మెల్లగా.

“గట్లనే ఇంకోటి పంపు బిడ్డా. జరంత పెద్దది.”